ఎముకల మిడత

పాము వెన్నెముకతో కట్టిన వంతెన మీద ఆఖరి అడుగు పడీ పడగానే తరళ వెనక్కి తిరిగి యువరాజును తిట్టింది.

"ఒరే మొద్దూ, మూట అంత వంకరగా పట్టుకుంటే లోపల సిరాబుడ్లు ఒలికిపోవూ? నీకు కూడు పెట్టి వెంట తిప్పుకోవడం నా కర్మ."

నీలకేదార రాజ్యానికి కాబోయే ప్రభువు, కత్తి పడితే ఎదురులేనివాడు, జయంధరుడు తల వంచుకుని "తప్పయింది సామీ" అన్నాడు. అనక ఏం చేస్తాడు? వంతెన ఇవతల రాతికంబానికి తలకిందులుగా వేలాడుతున్న కాపలా పిశాచం ఒంటికన్నుతో ఇద్దరినీ పట్టి పట్టి చూస్తోంది. తలపాగా చుట్టి, చెవిలో గీతపుల్ల దోపుకుని, మగవేషంలో ఉన్న తరళ దాని కంటికి పటాలు గీసే పొన్నయ్య. నెత్తిన మూటతో ఉన్న యువరాజు పొన్నయ్య కూలివాడు. కూలివాణ్ణి తిట్టని పనివాడు లేడనుకుందో ఏమో, పిశాచం గుర్రుమని దారి వదిలింది.

నాలుగడుగులు వేశాక జయంధరుడు గొణిగాడు. "ఇవాళ తిట్టు కాస్త ఎక్కువైంది."

"వేషం కదా యువరాజా. నిన్న మీరు తాగే నీళ్లు పారబోశారు చూడండి, అది కూడా కలిపాను" అంది తరళ.

నవ్వుకునే వేళ కాదని ఇద్దరికీ తెలుసు. మొన్న పున్నమి దాకా నీలకేదార నగరం కళకళలాడుతూ ఉండేది. స్ఫటికపు బురుజులు, పొగడపూలు రాలే రాజవీథులు, పావురాలు గూళ్లు కట్టుకున్న పాలరాతి మేడలు, తెల్లవారితే తామరపూల బండ్లతో కిక్కిరిసే కోట వాకిళ్లు. ఒకసారి చూసినవాడు రెండోసారి చూడకుండా ఉండలేడని పొరుగు దేశాలవాళ్లు కూడా ఒప్పుకునేవారు. అలాంటి నగరం, రాజుతో రాణితో, ఏనుగులతో, పాలు పితుకుతున్న గొల్లవాళ్లతో సహా ఒక ఉదయం కంటికి కనిపించకుండా పోయింది. వేటకు వెళ్లిన జయంధరుడు తిరిగివచ్చి చూస్తే నున్నటి బయలు. ఆ బయలు మధ్య ఒక్కటంటే ఒక్క పెంకుటిల్లు. దాని గడపలో దిక్కుతోచక నిలబడిన ఒక ఆడపిల్ల.

ఆ ఇల్లు కోట పటాలు గీసే భైరవాచారిది. ఆ పిల్ల ఆయన కూతురు తరళ. పొద్దున్నే కొలువుకు వెళ్లిన భైరవాచారి నగరంతో పాటే పోయాడు.

ఇల్లెందుకు మిగిలిందో తరళ ఒక్కతే చెప్పగలిగింది. పటాలు గీసేవాళ్లకు తాతల నాటి కట్టడి ఒకటుంది. ఊరంతా గీయవచ్చు, అంతఃపురం గీయవచ్చు, చివరికి వల్లకాడు కూడా గీయవచ్చు. తన గడప మాత్రం తాను గీయకూడదు. గీస్తే ఆ ఇంట దీపం నిలవదని నమ్మకం. అందుకని భైరవాచారి గీసిన నగర పటంలో ఆయన ఇల్లుండే చోట గోరంత ఖాళీ ఉండేది. చిన్నప్పుడు తరళ ఆ ఖాళీ చూసి, అందరికీ ఇళ్లున్నాయి, మనకే లేదని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పటాన్నే ధూమగిరి మాంత్రికుడు కరాళదంతుడు దొంగిలించాడు.

కరాళదంతుడి దగ్గర ఎముకల మిడత ఉంది. మిడత అంటే పైరు తినే పురుగు కాదు. పటాలను చిన్నవిగానో పెద్దవిగానో నకలు తీసే పనిముట్టు. నాలుగు సన్నటి బద్దలను మిడత కాళ్లు మడిచినట్టు మడిచి, కలిసిన చోటల్లా చీలలు బిగిస్తారు. ఒక కొసన కుదురు కాలు, అది కదలదు. రెండో కొసన చూపు ముల్లు, దాన్ని పటంలోని గీతల మీద నడపాలి. నడుమనున్న గీత ముల్లు అది ఎటు పోతే అటు పోతూ అదే పటాన్ని పక్కన చిన్నదిగా గీస్తుంది. ముళ్లు రెండూ తారుమారు చేస్తే చిన్నది పెద్దదవుతుంది. పటాలు గీసే ప్రతి ఇంట్లోనూ టేకు బద్దల మిడత ఒకటి చూరుకు వేలాడుతూనే ఉంటుంది.

కానీ మాంత్రికుడి మిడత గండభేరుండ పక్షి రెక్క ఎముకతో చేసినది. కొలతకు సరిపోయిన పటాన్ని దానితో రాగిరేకు మీదికి నకలు తీస్తే, ఆఖరి గీత కలవగానే పటంలో ఉన్న చోటు, ఆ చోట ఉన్న మనుషులు, అందరూ రేకులోకి దిగిపోతారు. పటంలో లేనిది బయట మిగిలిపోతుంది. తిరిగి రప్పించాలన్నా అదే మిడత కావాలి. ముళ్లు మార్చి, రేకు మీది గీతలన్నీ మళ్లీ నడపాలి. కాబట్టి తరళకూ యువరాజుకూ కావలసినవి రెండే, ఆ రేకు, ఆ మిడత.

నగరాన్ని మింగిన నాటి నుంచి కరాళదంతుడి కుడిచేతికి వణుకు పట్టుకుంది. అతనికి మింగవలసిన నగరం ఇంకొకటి ఉంది. నిబ్బరమైన చెయ్యిగల పనివాడు కావాలని దేశమంతటా చాటింపు వేయించాడు. ఆ చాటింపు పట్టుకునే పొన్నయ్యా, అతని మొద్దూ ఇంత దూరం వచ్చారు.

గుహలో కాలు పెట్టగానే జయంధరుడంతటివాడు కూడా క్షణం సేపు నిలబడిపోయాడు. నల్లటి నేల అద్దంలా మెరుస్తోంది. వరుసగా నిలిచిన నీలాల స్తంభాల చుట్టూ పసిడి సర్పాలు చుట్టుకుని, చూసే కొద్దీ కదులుతున్నట్టున్నాయి. పైకప్పులో గుండ్రటి కన్నం. దానిలోంచి దిగిన ఎండ గోడల్లోని వైడూర్యాలకు తగిలి, వేయి పిల్లికళ్లు ఒక్కసారి తెరుచుకున్నట్టు గుహంతా పచ్చగా వెలుగుతోంది. గుహ కొసన కొలిమి. అందులో ఊదారంగు మంట కట్టె లేకుండానే మండుతోంది. కొలిమి పైన చిలక్కొయ్యకు తమలపాకంత రాగిరేకు వేలాడుతోంది.

తరళ ఆ రేకును చూసింది. నాన్న అందులో ఉన్నాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"ఎవర్రా నువ్వు?" కొలిమి పక్క పులితోలు మీంచి గొంతు వినిపించింది. కరాళదంతుడు తాటిచెట్టంత పొడుగు. కోరలు గడ్డంలోకి దిగి ఉన్నాయి.

"పొన్నయ్యనండి. పటాల పని."

"చెయ్యి చాపు."

తరళ చెయ్యి చాపింది. మాంత్రికుడు తన గడ్డంలోంచి నల్లతేలును తీసి ఆమె మణికట్టు మీద వదిలాడు. బూడిద చల్లిన పలక ముందుకు తోశాడు. "గుండ్రం గీయి. వంకర పోయిందంటే అది కుట్టనక్కర్లేదు, నేనే చంపుతాను."

తరళ పుల్ల ఆనించింది. తేలు మణికట్టు దిగి, మళ్లీ ఎక్కి, మోచేతి దాకా పాకి, కొండి ఎత్తి నిలబడింది. పుల్ల ఆగలేదు. తేలు అంగీ చేతిలోకి దూరింది. జయంధరుడి చెయ్యి మూటలో దాచిన కత్తి మీదికి పోయి వెనక్కి వచ్చింది. పుల్ల తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలిసింది.

"తమరి తేలును తమరు తీసుకోండి. చంకలో నిద్రపోయేట్టుంది" అంది తరళ.

కరాళదంతుడు నవ్వాడు. ఆ నవ్వుకు పైకప్పు నుంచి మసి రాలింది. అతను పట్టుబట్టలో చుట్టిన పటం ఒకటి తెచ్చి ముందు పరిచాడు. "ఇది మధూకపురం. ఎండ సరిగ్గా కొలిమి మీదికి వచ్చేసరికి ఇది రేకులో ఉండాలి. అప్పుడు ఈ రేకునూ, ఆ కొయ్యనున్న నీలకేదారాన్నీ కలిపి కరిగించి ఉంగరం పోస్తాను. ఆ ఉంగరం వేలికున్నంత కాలం నాకు చావు లేదు. నీకు ఏం కావాలో కోరుకో."

"పనయ్యాక కోరుకుంటానండి" అంది తరళ. పైకి చూసింది. ఎండ అప్పటికే స్తంభాలు దాటి నేల మీద పాకుతోంది. మధూకపురం గీస్తే అది పోతుంది, గీయకపోతే తన ప్రాణం పోతుంది, ఎటు చూసినా నాన్న కొలిమిలో పడతాడు. దారిలో ఇద్దరూ అనుకున్న ఉపాయం తప్ప వేరే గతి లేదు.

"ఒరే మొద్దూ, నిలబడి చూస్తావేం? వెలుతురు ఎక్కడ బాగుందో చూసి చాప పరువు."

జయంధరుడు మూటలోంచి చాప తీసి చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు, స్తంభం నుంచి స్తంభానికి, కొలిమి చుట్టూ, వాకిలి దాకా. చిన్ననాటి నుంచి కవాతు చేసిన కాళ్లు, ఎక్కడా అంగ పెరగదు, తరగదు. మడమ నేలకు తాకిన చప్పుడును తరళ తల వంచుకుని వింటోంది. గుహ కొలతలు చెవిలోంచి ఒక్కొక్కటే లోపలికి వెళ్లి కూర్చుంటున్నాయి.

"ఇక్కడ చీకటి సామీ." "ఇక్కడ పొగ సామీ." "ఇక్కడ ఎండ కంట్లో పడుతోంది సామీ."

"నీకు చోటు కుదిరేసరికి నాకు ముసలితనం వచ్చేట్టుంది. నడిమధ్య పడెయ్యి" అంది తరళ. చాప గుహ నడుమ పడింది. ఇద్దరు ఒద్దికగా కూర్చుంటే సరిపోయేంత చాప.

మాంత్రికుడు మధూకపురం పటాన్నీ, కొత్త రాగిరేకులనూ చాప మీద ఉంచి, ఎముకల మిడతను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తెల్లగా, తేలికగా, చల్లగా ఉంది. తరళ చీలలు కదిపి చూసి పెదవి విరిచింది. "బిగుసుకుపోయాయండి. కొత్త పనిముట్టుతో సూటిగా అసలు పటం మీదికి పోతే గీత జారుతుంది. ముందు ఒక ఉత్తుత్తి గది గీసి చెయ్యి అలవాటు చేసుకోవాలి."

"గదేమిటి? మిడత లాగేసుకుంటుంది."

"లోకంలో ఉన్న గదినైతే లాగుతుంది. ఇది నా బుర్రలోంచి పుట్టే గది. లేనిదాన్ని ఎలా లాగుతుందండి?"

కరాళదంతుడు సరేనన్నట్టు తల ఊపాడు. అతను చూసిన పటాలన్నీ రాజుల కొలువుల్లోవి. వాటిలో బురుజు మీద జెండా, వాకిట్లో ఏనుగు, కొలనులో హంస రంగుల్లో కనిపిస్తాయి. పనివాడి పటంలో ఉత్త గీతలే ఉంటాయని అతనికి తెలియదు. తరళ మూటలోంచి గుడ్డ తీసి, బొగ్గుతో గోడలు గీసి, స్తంభాలకు సున్నలు చుట్టి, కొలిమికి ఇంకొంచెం పెద్ద సున్న చుడుతుంటే వంగి చూసి, "దాడి ఆట గళ్లలా ఉంది" అని వెళ్లి పులితోలు మీద కూర్చున్నాడు.

తరళ అంతా గీసింది. నడిమధ్య చాపంత చోటు మాత్రం తెల్లగా వదిలేసింది. అక్కడ తానున్నది. తన గడప తాను గీయకూడదు.

కొత్త రాగిరేకు ఒకటి గుడ్డ పక్కన చాప మీద పెట్టుకుని, కుదురు కాలు చాపకు గుచ్చి, చూపు ముల్లును చీకటి మూల మీద ఆనించింది. ముల్లు కదిలింది. పక్కన రేకు మీద సన్నగా కీచుమంటూ గీత పడింది. చీకటి మూలలో గోడ చిన్నగా జలదరించింది. మాంత్రికుడి వీపు అటే ఉంది, చూడలేదు. ఆమె వెనక గోడ ముగించి, స్తంభాలు మొదలుపెట్టింది. ఒక్కొక్క సున్న తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క నీలం మెరుపు మందగించింది. మాంత్రికుడు ఆవులించాడు.  తరళ వేళ్లు ఆమె మాట వింటూనే ఉన్నాయి.

గోడలన్నీ అయ్యాయి. కొలిమీ, వాకిలీ మిగిలాయి.

చూపు ముల్లు కొలిమి సున్న మీద తిరగడం మొదలుపెట్టగానే ఊదారంగు మంట అటువైపే వంగింది. ముల్లు ఎటు తిరిగితే మంట అటు తిరిగింది. కరాళదంతుడు మంటను చూశాడు, చాపను చూశాడు, గుడ్డ మీది సున్నను చూశాడు. ఈసారి అతనికి అర్థమైంది.

"ఇది నా గుహ" అన్నాడు చాలా మెల్లగా.

"ఒరే మొద్దూ, చాప మీదికి రా" అంది తరళ. అది వాళ్లు ముందే అనుకున్న మాట. ఆ మాట వినగానే అతను కొయ్య మీది రేకును లాక్కుని వచ్చి పక్కన కూర్చోవాలి, ఆమె ఆఖరి గీత కలపాలి.

జయంధరుడు కదిలాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. కరాళదంతుడి చెయ్యి చిలక్కొయ్య మీది రేకును అందుకుని కొలిమి వైపు తిరిగింది. ఆ రేకు గుహతో పాటు పోయినా, మంటలో పడినా నీలకేదారం లేనట్టే. యువరాజు మూటలోంచి కత్తి దూసి, ఒక్క గెంతులో వెళ్లి దాని వెనక అంచుతో మాంత్రికుడి మణికట్టు మీద కొట్టాడు. రేకు కిందపడింది. కాలితో తన్నాడు. అది నున్నటి నేల మీద జారుతూ వచ్చి తరళ మోకాలికి తగిలి ఆగింది.

కరాళదంతుడు గుహ అదిరేట్టు అరిచాడు. స్తంభాల మీది పసిడి సర్పాలన్నీ ప్రాణం వచ్చి జలజలా నేల మీదికి దిగాయి. కుడిచేతిలో మంత్రదండం మొలిచింది. దాన్ని సూటిగా తరళ మీదికి విసిరాడు. కానీ ఆ చేతికి వణుకుంది కదా, దండం ఆమె తలను తప్పి మిడత మీద పడింది. ఎముక బద్ద ఒకటి ఫెళ్లున బీటవేసింది. తరళ తలపాగా లాగి బీట చుట్టూ ముడి వేసి, ఎడమ పిడికిలితో గట్టిగా పట్టుకుంది. జడ వీపు మీద పడింది.

"ఆడదానివా" అన్నాడు మాంత్రికుడు, జయంధరుడి కత్తిని ఒంటిచేత్తో అడ్డుకుంటూనే.

తరళ ముల్లును మళ్లీ నడిపింది. కొలిమి సున్న ముగించింది. ఒక పాము చాప అంచు దాకా వచ్చి పడగెత్తింది. ఆమె కళ్లు గుడ్డ మీంచి ఎత్తలేదు. వాకిలి ఒక పక్క అయింది. రెండో పక్క సగం అయింది. ఇంక వేలెడంత గీత మిగిలింది. అప్పుడు తలెత్తింది.

జయంధరుడు కొలిమి దగ్గర ఉన్నాడు. మాంత్రికుడి నడుము రెండు చేతులా చుట్టి పట్టుకున్నాడు. అతను వదిలితే కరాళదంతుడు రెండంగల్లో చాప మీద ఉంటాడు. వదలకపోతే తాను చాప మీదికి రాలేడు.

"గీత కలుపు తరళా."

"మీరు చాప బయటున్నారు."

"నాకు తెలుసు. కలుపు."

"యువరాజా, ఒక్క గెంతు వేయండి. నేను కలిపేలోపు వచ్చేస్తారు."

"నేను వదిలానంటే ముందు వీడొస్తాడు. మీ నాన్న, మా అమ్మ, ఊరంతా నీ మోకాలి దగ్గరుంది. తిట్టడమే గానీ చెప్పిన మాట వినవేం?"

తరళకు కళ్లు మసకబారాయి. గీత కనిపించక మానెయ్యవచ్చని ఒక్క క్షణం ఆశపడింది కూడా. ఆ గీత ఎటు పోతుందో ఆమె చేతికి కళ్లు లేకుండానే తెలుసు. పెదవి కొరికి పట్టుకుని, ఏడుస్తూనే, వంకర లేకుండా కలిపింది.

చప్పుడేమీ కాలేదు. వైడూర్యాల పచ్చటి వెలుగు ఒక్కసారి సన్నబడి, చాప మీది కొత్త రేకులోకి దారంలా జారిపోయింది.

తరళ చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ ఎండ. కొండ శిఖరాన్ని గరిటతో తోడేసినట్టు నున్నటి గుంట. స్తంభాలు లేవు, పాములు లేవు, కొలిమి లేదు. దూరంగా వంతెన దగ్గర కాపలా పిశాచం ఒంటికన్నుతో ఆ ఖాళీని చూసి, ఆమెను చూసి, కేక పెట్టి లోయలోకి దూకి పారిపోయింది. ఎముక బద్ద తలపాగా ముడిలోనే పూర్తిగా విరిగి రెండు ముక్కలైంది.

తరళ మిడతను తిప్పి చూసింది. మిగతా మూడు బద్దలూ బాగానే ఉన్నాయి. నాలుగోది కావాలి. టేకుతో చేస్తే పనికిరాదు. గండభేరుండ పక్షి రెక్క ఎముకే కావాలి. ఆ పక్షి ఉత్తర సముద్రంలో మంచుకోర దీవి మీద తప్ప వేరెక్కడా గూడు కట్టదని నాన్న చెప్పేవాడు. అక్కడికి వెళ్లినవాళ్ల గురించి చెప్పేవాడు గానీ వచ్చినవాళ్ల గురించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె నీలకేదారం రేకును బట్టలో చుట్టి గుండెకు కట్టుకుంది. మధూకపురం పటాన్నీ, మిడత ముక్కలనూ మూట కట్టింది. తరువాత గుహ రేకును ఎండకు వంచి, కళ్లు చికిలించి చూసింది. కొలిమి సున్న పక్కన సూదిమొనతో పొడిచినంత చుక్క ఒకటి కదలకుండా ఉంది. ఇంకో చుక్క గోడ వెంట నడుస్తోంది. అంగ పెరగకుండా, తరగకుండా, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, మూల తిరిగి, నడిమధ్యకు. ఆ నడక తరళకు తెలుసు. పొద్దుటి నుంచి విన్న నడకే అది. చుక్క చాపంత ఖాళీ అంచు దాకా వచ్చి, ఇంక పోవడానికి చోటు లేక నిలబడింది.

తరళ లేచి ఉత్తరం వైపు తిరిగింది. గుహ రేకు మీద, కొలిమి పక్కనున్న మాంత్రికుడి చుక్క అప్పుడే మెల్లగా కదిలింది.

ఆమె రేకును నోటి దగ్గరగా పెట్టుకుంది. 

"ఒరే మొద్దూ, ఆ ఖాళీ నాది. అక్కడే నిలబడు. వస్తున్నాను."